తిండి మీద వార్త వస్తే, డబ్బా పారబోసే ముందు చేయాల్సిన పని

“మేడమ్, రేషన్ బియ్యంలో ప్లాస్టిక్ గింజలు వస్తున్నాయి, ఏం చేయమంటారు?” “మన కారప్పొడి విదేశాల్లో వెనక్కి కొట్టారట, మరి మనం తినొచ్చా?” “గుడ్డులో పచ్చసొన తినాలా తీసెయ్యాలా? ఒక్కో డాక్టరు ఒక్కో మాట అంటున్నాడు.”

గుంటూరులో ఒక మిర్చి ఎగుమతి వ్యాపారి ల్యాబులో చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు విజయవాడ పటమటలో ఉంటున్నాను. ల్యాబు వదిలినా ప్రశ్నలు నన్ను వదల్లేదు. లిఫ్టులో, రైతుబజారులో, పెళ్లి భోజనాల బంతిలో ఇవే మూడు పేర్లు మార్చుకుని వస్తుంటాయి. అందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది, అందుకే ఒక్కచోట రాస్తున్నాను.

“ఇది చట్టం తప్పిందా?” అన్నది ఒక ప్రశ్న. “ఇది తింటే నాకేమవుతుంది?” అన్నది ఇంకో ప్రశ్న. వార్తలు ఈ రెంటినీ ఒకే గిన్నెలో వేసి వండుతాయి. మనం విడదీసుకోవాలి.

పచ్చడి సంగతే చూడండి. ఉప్పునీటిలో ఊరవేసే పచ్చళ్లకు ఉప్పే నిల్వకు ఆధారమైతే అది కనీసం 12 శాతం ఉండాలని మన ఆహార ప్రమాణాలు చెబుతాయి. మన ఆవకాయ నూనె పచ్చళ్ల కోవలోకి వస్తుంది గానీ, లెక్క కోసం అదే 12 శాతం అనుకుందాం. 20 గ్రాములు, అంటే చిన్న ముక్కా కాస్త ఊటా వేసుకుంటే 2.4 గ్రాముల ఉప్పు లోపలికి పోయినట్టు. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఒక్క వాయితో సగం కోటా అయిపోయింది. ఒకరు ఉప్పు తగ్గనివ్వొద్దంటారు, ఇంకొకరు పెరగనివ్వొద్దంటారు. ఇద్దరూ అబద్ధం చెప్పట్లేదు. మొదటివారు జాడీ గురించి మాట్లాడుతున్నారు, రెండోవారు మీ బీపీ గురించి.

కావలసినవి

ఒక నోటుపుస్తకం. కాలిక్యులేటర్ ఉన్న ఫోను. గొడవలో ఉన్న సరుకు ప్యాకెట్, దాని బిల్లు. ఇంట్లో అందరి బరువులు కిలోల్లో రాసిన చీటీ (ఎందుకో 5వ మెట్టులో తెలుస్తుంది). అరగంట టైము. ప్యాకెట్‌ని మాత్రం దయచేసి చెత్తబుట్టలో వేయకండి. భయపడ్డవాళ్లు మొట్టమొదట చేసే పని అదే, తర్వాత ఫిర్యాదు చేద్దామంటే చేతిలో ఏమీ ఉండదు.

1. వార్తని ఒక్క వాక్యంగా రాసుకోండి

ఏ పదార్థం, ఏ తిండిలో, ఎంత, ఎవరు పరీక్షించారు, ఎప్పుడు. ఈ ఐదు ఖాళీలు నింపండి. “ఎంత”, “ఎవరు” రెండూ ఖాళీగా మిగిలితే అది ఇంకా వార్త కాదు. పక్కన పెట్టండి, ఫార్వార్డు చేయకండి.

ప్లాస్టిక్ బియ్యాన్ని ఇలా రాద్దాం. పదార్థం: ప్లాస్టిక్. తిండి: రేషన్ బియ్యం. ఎంత: తెలియదు. ఎవరు పరీక్షించారు: మా పక్కింటావిడ చెల్లెలు. ఇక్కడే ఆగిపోతుంది. అసలు సంగతేమిటంటే రేషన్‌లో ఇస్తూ వచ్చింది ఫోర్టిఫైడ్, అంటే పోషకాలు కలిపిన బియ్యం. 2021 ఆగస్టు 15న ప్రధాని ప్రకటించాక దేశమంతా వచ్చింది. బియ్యప్పిండిలో ఐరన్, ఫోలిక్ యాసిడ్, విటమిన్ బి12 కలిపి, యంత్రంలో మళ్లీ గింజల్లా తీసి, 100 కిలోల మామూలు బియ్యానికి ఒక కిలో లెక్కన కలుపుతారు. అందుకే దోసిట్లో పోసుకుని చూస్తే అక్కడక్కడా రంగు తేడాగా, ఒకే అచ్చులో పోసినట్టు గింజలు కనిపిస్తాయి. మనవాళ్లు వాటిని ఏరి పారేస్తున్నారు, అంటే ఏరి మరీ విటమిన్లు పారేస్తున్నారు. అనుమానం తీరకపోతే ఆ గింజలు పది విడిగా ఉడికించి వేళ్ల మధ్య నలపండి. మెతుకులా నలిగితే అది పిండే. ప్లాస్టిక్ ఉడకదు.

అన్నం ముద్ద చేసి నేలకేసి కొట్టి, ఎగిరింది కాబట్టి ప్లాస్టిక్ అనే వీడియో ఒకటుంది. మీ ఇంట్లో సొంత పొలం బియ్యం అన్నాన్ని గట్టిగా ముద్ద చేసి కొట్టి చూడండి. అదీ ఎగురుతుంది. గంజి గుణం అది.

2. చట్టంలో ఏ గదిలో పడుతుందో చూడండి

పేపర్లో “కల్తీ” అనే ఒక్క మాట ఉంటుంది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టంలో మాత్రం వేర్వేరు గదులున్నాయి:

సబ్‌స్టాండర్డ్, అంటే నాసిరకం. ప్రమాణానికి తగ్గింది, ప్రమాదకరం అని కాదు. పాలల్లో నీళ్లు కలిసి వెన్న శాతం తగ్గితే ఇది. 5 లక్షల దాకా జరిమానా.

మిస్‌బ్రాండెడ్, అంటే లేబుల్ తప్పు. లోపల సరుకు బాగానే ఉండొచ్చు, పైన రాసిందే తప్పు. 3 లక్షల దాకా.

తప్పుదోవ పట్టించే ప్రకటన. 10 లక్షల దాకా.

అన్‌సేఫ్, అంటే ఒంటికి హాని చేసేది. ఇక్కడే జైలు శిక్ష ఉంది. దానివల్ల మనిషి చనిపోతే కనీసం ఏడేళ్లు, యావజ్జీవం దాకా.

“ఫలానా హోటల్ మీద దాడి, శాంపిల్స్ సేకరణ” అని చదివితే మీ నోటుపుస్తకంలో “ఫలితం రాలేదు” అని రాసుకోండి. శాంపిల్ పరీక్షించే ఫుడ్ ఎనలిస్టు తన రిపోర్టు 14 రోజుల్లో ఇవ్వాలని చట్టం చెబుతుంది. దాని మీద అప్పీలు చేసుకునే హక్కు వ్యాపారికి ఉంటుంది, అప్పుడు శాంపిల్ మైసూరు సీఎఫ్‌టీఆర్‌ఐ లాంటి రిఫరల్ ల్యాబుకి వెళ్తుంది. దాడి మొదటి పేజీలో వస్తుంది. ఫలితం వచ్చేసరికి లోపలి పేజీలో మూల, అది కూడా వస్తే. పదిహేను రోజుల తర్వాత మీరే వెతుక్కోవాలి.

3. అంకె వెనక కొలత చూడండి

ఇది మా ల్యాబు విద్య, కాస్త ఓపిగ్గా చదవండి. పీపీఎం అంటే కిలోకి ఒక మిల్లీగ్రాము. మిర్చి యార్డు భాషలో చెప్పాలంటే టిక్కీకి, అంటే బస్తాకి 40 కిలోల లెక్కన 25 టిక్కీల మిర్చిలో ఒక గ్రాము. పీపీబీ అంటే అందులో మళ్లీ వెయ్యో వంతు. “పరిమితికి మూడు రెట్లు” అని రాసినప్పుడు పరిమితి ఎంత, దేనికోసం పెట్టారు అని అడగాలి.

ఎందుకంటే పరిమితులు రెండు రకాలు. ఒకటి ఆరోగ్యం కోసం పెట్టేది: మనిషి జీవితాంతం రోజూ తిన్నా ఫరవాలేదనే మోతాదు. జంతువుల్లో ఏ హానీ కనిపించని మోతాదు తీసుకుని, మామూలుగా దాన్ని 100తో భాగించి పెడతారు. రెండోది పురుగుమందుల ఎంఆర్‌ఎల్, అంటే పంటలో మిగలనిచ్చే గరిష్ఠ అవశేషం: రైతు మందుని చెప్పిన పద్ధతిలో, చెప్పిన మోతాదులో కొడితే పంటలో ఎంత మిగలొచ్చో దాన్ని బట్టి పెట్టేది. ఎంఆర్‌ఎల్ దాటితే ఎక్కడో పద్ధతి తప్పిందని ఖాయంగా చెప్పొచ్చు. మీ ఒంటికి హాని జరిగిందా అన్నది వేరే లెక్క, మీరు దాన్ని రోజుకు ఎంత తింటారో చూసి కట్టాల్సింది. కారం చెంచాల్లో తింటాం, అన్నం పళ్లేల్లో తింటాం. రెంటిలో ఒకే అంకె ఉన్నా ఒంట్లోకి వెళ్లేది ఒకటి కాదు.

2024 ఏప్రిల్‌లో ఏమైందో చూడండి. ఇథిలీన్ ఆక్సైడ్ ఉందని కొన్ని భారతీయ మసాలా ప్యాకెట్లను హాంకాంగ్, సింగపూర్ వెనక్కి తీయించాయి. అది మసాలాల్లో సాల్మొనెల్లా లాంటి క్రిములను చంపడానికి పట్టించే వాయువు. క్యాన్సర్ కారకమే, అందులో అనుమానం లేదు. యూరప్‌లో ఆహారానికి వాడనివ్వరు, మసాలాల్లో కిలోకి 0.1 మిల్లీగ్రాము దాటితే సరుకు ఆపేస్తారు. అమెరికాలో క్రిములు చంపడానికి వాడొచ్చు, 7 పీపీఎం దాకా మిగిలినా ఒప్పుకుంటారు. అంటే ఒకే బస్తా న్యూయార్క్‌లో పాస్, రాటర్‌డామ్‌లో ఫెయిల్. బస్తాలో తేడా లేదు. క్రిమి భయం ఎక్కువా, వాయువు భయం ఎక్కువా అన్న దగ్గర రెండు ప్రభుత్వాలు రెండు దారులు పట్టాయి.

అదే నెలలో ఇంకో గొడవ. మసాలాల్లో విడిగా పరిమితి లేని కొన్ని పురుగుమందులకు మన ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కిలోకి 0.01 మిల్లీగ్రాముని 0.1 చేసింది. “పది రెట్లు పెంచేశారు” అన్నారు. నిజమే, పది రెట్లే. పెంచాక కూడా అది టన్నుకు 0.1 గ్రాము. పచ్చిమిర్చి ఎండితే నీరు పోతుంది, అవశేషం కిలో లెక్కన పెరుగుతుంది కాబట్టి ఎండు సరుకుకి వేరే అంకె అడగడంలో అర్థముంది. కానీ ఇలాంటి మార్పు ఎందుకో తెలుగులో మామూలు మాటల్లో ఎవరూ చెప్పరు. అనుమానం అక్కడే పుడుతుంది, జనాన్ని తప్పుపట్టలేం. ఇంతకీ గుంటూరు ఎగుమతిదారుకి దానివల్ల ఒరిగింది తక్కువే, యూరప్‌లో అలాంటి మందులకు మామూలు పరిమితి 0.01 దగ్గరే ఉంది మరి.

4. ఆదేశం తేదీ, అది ఇంకా బతికుందా లేదా చూడండి

చిన్న మెట్టే గానీ చాలామంది ఇక్కడే జారతారు. 2024 ఆగస్టు 21న పాల ప్యాకెట్ల మీద “ఏ1”, “ఏ2” అని (పాలలోని ఒక ప్రోటీను రకాన్ని బట్టి పెట్టే పేర్లు) రాయొద్దని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పింది. 26న ఆ మాట వెనక్కి తీసుకుంది. ఐదు రోజులు బతికిన ఆదేశం గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. వెనక్కి తీసుకున్నారు కాబట్టి ఏ2 పాలు గొప్పవని తేలినట్టా? కాదు. ఆదేశం రద్దయిందంటే కాగితం రద్దయిందనే, శాస్త్రం ఎటూ జరగలేదు.

ఇంకోటి మీకు పనికొచ్చేది. చక్కెర పానీయాల పేరులో ఓఆర్‌ఎస్ అనే మాట వాడనిచ్చే పాత అనుమతులను 2025 అక్టోబరులో రద్దు చేశారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక వచ్చిన మార్పు. విరేచనాలైన పిల్లాడికి అట్టపెట్టె పానీయం తేకండి. మందుల షాపులో డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసిన, లీటరు నీళ్లకు 20.5 గ్రాముల పొడి ప్యాకెట్ అడగండి. పొడి సగం వేసి, నీళ్లు గ్లాసుడు పోసి ఉజ్జాయింపుగా కలపకండి. లీటరంటే లీటరే.

5. “క్యాన్సర్” అన్న మాట కనబడితే మోతాదు లెక్క కట్టండి

ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఐఏఆర్‌సీ అనే సంస్థ పదార్థాలకు గ్రూపులు పెడుతుంది. 1 అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందనడానికి రుజువు గట్టిగా ఉందని. 2ఎ అంటే బహుశా, 2బి అంటే తెచ్చే అవకాశం ఉండొచ్చని. అది రుజువు బలం, పదార్థం బలం కాదు. పొగాకు, వక్క, సాసేజ్ లాంటి ప్రాసెస్డ్ మాంసం మూడూ గ్రూపు 1లో ఉన్నాయి. అంతమాత్రాన ఒక సాసేజ్ ఒక సిగరెట్టుతో సమానం కాదు. 65 డిగ్రీలు దాటిన వేడి పానీయాలు 2ఎ. పొగలు కక్కే టీ గుటకలు వేసేవాళ్లు ఒక నిమిషం ఆగండి, అంతే. “సంప్రదాయ ఆసియా కూరగాయల పచ్చళ్లు” 2బిలో ఉన్నాయని విని మా పిన్నిగారు జాడీ మీద బెంగ పెట్టుకున్నారు. అది చైనా, జపాన్ వైపు పులియబెట్టే పచ్చళ్ల మీద జరిగిన అధ్యయనాల మాట. మాగాయ గురించి కాదు.

లెక్క ఇలా కట్టండి. 2023 జులైలో ఆస్పర్టేమ్ అనే తీపి పొడిని 2బిలో పెట్టారు. అదే రోజు ఇంకో నిపుణుల సంఘం రోజుకు కిలో శరీర బరువుకి 40 మిల్లీగ్రాముల పాత పరిమితిని అలాగే ఉంచింది. మీరు 60 కిలోలైతే 2400 మిల్లీగ్రాములు. ఒక డైట్ డ్రింకు డబ్బాలో 300 ఉందనుకున్నా ఎనిమిది డబ్బాలు. మరి తాగమంటారా అంటే, అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ బరువు తగ్గడానికి ఇలాంటి తీపి పదార్థాలను నమ్ముకోవద్దని చెప్పింది. ఒక మాట భద్రత గురించి, ఇంకో మాట ఉపయోగం గురించి. ఆవకాయ జాడీ, బీపీ కథే మళ్లీ.

హెచ్చరిక: ఫినైల్‌కీటోన్యూరియా అనే పుట్టుక జబ్బున్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు, వాళ్లు ఆస్పర్టేమ్ అసలు ముట్టుకోకూడదు. పిల్లలకు పెద్దల బరువుతో లెక్క కట్టకండి.

6. పోషకాహారం గొడవైతే ఈ మూడు ప్రశ్నలు వేయండి

దేని బదులు? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇది, టీవీ చర్చల్లో ఎవరూ అడగనిది కూడా. “నెయ్యి మంచిదా?” అన్నదానికి జవాబు లేదు. దేని బదులు నెయ్యి? వనస్పతి బదులైతే మేలే. వేరుశనగ నూనో పొద్దుతిరుగుడు నూనో తీసేసి నెయ్యి పోస్తే ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ పెరుగుతుంది. నెయ్యి మానేసి ఆ ఆకలి మైసూర్‌పాక్‌తో తీర్చుకుంటే ఒరిగేదేమీ లేదు. కొన్నేళ్ల క్రితం మన వైపు ఊరూవాడా కొబ్బరినూనె, నెయ్యి తాగే డైట్ పట్టుకుంది కదా. మా బంధువొకాయనకి నెలలో షుగరు దిగింది, నూనె మహిమ అన్నాడు. మూడు పూటలా అన్నం మానేసిన సంగతి ఆయన లెక్కలోకి రాలేదు. హెచ్చరిక: షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరుకి చెప్పకుండా అన్నం ఒక్కసారి తగ్గిస్తే షుగరు మరీ పడిపోయి స్పృహ తప్పొచ్చు. ఇలా పడిపోయినవాళ్లని చూశాను కాబట్టే చెబుతున్నాను.

శాతం దేనిలో శాతం? రోజూ 50 గ్రాముల ప్రాసెస్డ్ మాంసం తింటే పెద్దపేగు క్యాన్సర్ 18 శాతం పెరుగుతుందన్నారు. వంద మందిలో పద్ధెనిమిది మందికి అని చదువుతాం మనం. కాదు. వెయ్యి మందిలో పది మందికి వచ్చే జబ్బు అనుకుంటే ఆ పది పన్నెండు దాకా అవుతుంది. పట్టించుకోవాల్సిందే, గుండె ఆగాల్సింది కాదు.

ఎవరి మీద, ఎలా? ఎలుకల మీదా, మనుషుల మీదా? మనుషులైతే “ఏం తిన్నారు” అని అడిగి రాసుకున్నారా, లేక లాటరీ వేసి రెండు జట్లుగా చేసి వేర్వేరు తిండి పెట్టారా? మొదటి రకంలో మనిషి అలవాట్లన్నీ కలిసి వస్తాయి. పొద్దున్నే బెంజ్ సర్కిల్ దాకా నడిచి వచ్చి జొన్నరొట్టె తినేవాడు ఆరోగ్యంగా ఉంటే ఘనత రొట్టెదో నడకదో చెప్పలేం. రెండో రకం గట్టిది, కానీ అందులోనూ తప్పులు దొర్లుతాయి. స్పెయిన్‌లో ఆలివ్ నూనె, గింజల మీద జరిగిన పెద్ద ప్రయోగం 2013లో అచ్చయింది. జట్లు విడదీయడంలో కొన్నిచోట్ల పద్ధతి పాటించలేదని తేలి 2018లో వెనక్కి తీసుకుని, లెక్కలు సరిచేసి మళ్లీ వేశారు. ఫలితం ఇంచుమించు అదే వచ్చింది. ఇలా సరిదిద్దుకున్నారంటే నాకు నమ్మకం పెరుగుతుంది, మీకెలా అనిపిస్తుందో మరి.

గుడ్డు సంగతి: తిండిలో కొలెస్ట్రాల్ రోజుకు 300 మిల్లీగ్రాములు దాటొద్దన్న అంకెను అమెరికా 2015 నాటి మార్గదర్శకాల్లో తీసేసింది. ఎక్కువమందిలో రక్తంలోని కొలెస్ట్రాల్‌ను పచ్చసొన కన్నా తిండిలోని సంతృప్త కొవ్వే ఎక్కువ పెంచుతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు రోజుకో గుడ్డు పచ్చసొనతో తినొచ్చు. గుండెజబ్బు, షుగరు ఉన్నవాళ్లు తమ డాక్టరు మాట వినండి, అక్కడ వాదం ఇంకా నడుస్తోంది. వాదం ముగిసినవీ ఉన్నాయి: ట్రాన్స్‌ఫ్యాట్ చెడు. మన దేశంలో నూనెలు, కొవ్వుల్లో దాన్ని 2021లో 3 శాతానికి, 2022 నుంచి 2 శాతానికి దించారు. ఉప్పు, చక్కెర పానీయాలు తగ్గించమనడంలోనూ గొడవ లేదు.

7. ప్యాకెట్ వెనక్కి తిప్పండి

పదార్థాల పట్టికలో బరువు ఎక్కువైనది ముందు ఉంటుంది. “రాగి బిస్కెట్” మీద మొదటి మాట మైదా అయితే అది మైదా బిస్కెట్టే. సోడియంని 2.5తో గుణిస్తే ఉప్పు: 800 మిల్లీగ్రాముల సోడియం అంటే 2 గ్రాముల ఉప్పు. “సర్వింగ్‌కి” అన్న వరుస వదిలేసి “100 గ్రాములకి” అన్న వరుసే చూడండి, అప్పుడే రెండు ప్యాకెట్లను పోల్చగలం.

ఐఎన్‌ఎస్ నంబర్లు (తిండిలో కలిపే రంగులు, నిల్వ పదార్థాల లాంటివాటికి ఇచ్చే అంతర్జాతీయ నంబర్లు) చూసి బెదరకండి. 300 అంటే విటమిన్ సి. 330 నిమ్మ ఉప్పు. 500 వంటసోడా. 102, 110 కృత్రిమ రంగులు: మన దేశంలో అనుమతి ఉన్న ఎనిమిదింటిలోవే, అవీ కొన్ని రకాల తిండిలోనే, పరిమితికి లోబడే. బిర్యానీలో వేయడానికి వీల్లేదు.

14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు 1తో మొదలైతే లైసెన్సు, 2తో అయితే చిన్న వ్యాపారి రిజిస్ట్రేషన్. ఆ సంస్థ లైసెన్సుల వెబ్‌సైటు ఫాస్కాస్‌లో కొట్టి చూస్తే ఎవరిదో వస్తుంది. అది నాణ్యత ముద్ర కాదు. బండికి నంబరు ప్లేటు ఉందంటే డ్రైవరు మంచివాడని కాదు కదా.

8. ఇంట్లో పరీక్ష చేస్తే దాని హద్దు తెలుసుకుని చేయండి

గ్లాసు నీళ్ల మీద చెంచా కారం చల్లండి. రంగు చారలు చారలుగా కిందకి దిగితే నీటిలో కరిగే రంగు కలిపారని అనుమానించాలి. అడుగున తేరింది వేళ్ల మధ్య గరగరలాడితే ఇటుక పొడో ఇసకో. ఇంతవరకు బాగుంది.

కానీ గుంటూరుని ప్రపంచం ముందు దోషిలా నిలబెట్టిన రంగు సూడాన్. నూనెలో కరిగేది, తిండిలో ఎక్కడా అనుమతి లేనిది. 2003లో భారత్ నుంచి వెళ్లిన మిర్చి సరుకులో అది దొరికి యూరప్ ఆంక్షలు పెట్టింది. 2005లో బ్రిటన్‌లో ఒక్క కారప్పొడి వల్ల వందల రకాల తయారీ ఆహారాలు షాపుల్లోంచి తీసేశారు. ఆ సూడాన్‌ను మీ నీళ్ల గ్లాసు పట్టలేదు. నూనెలో వేసి చూద్దామంటే మిర్చి సొంత ఎరుపు కూడా నూనెలోనే దిగుతుంది. కాబట్టి నీళ్ల పరీక్షలో తప్పితే అది మీకు సమాచారం. పాసైతే మాత్రం స్వచ్ఛమని కాదు.

అఫ్లటాక్సిన్ అంతకన్నా మొండిది. కల్లంలో సరిగ్గా ఆరని కాయలో బూజు పుట్టించే విషం, మామూలు వంట వేడికి పోదు. మన పరిమితి మసాలాల్లో కిలోకి 30 మైక్రోగ్రాములు, యూరప్‌ది 10. బస్తాలో నాలుగు కాయల్లోనే ఉండి మిగతావి శుభ్రంగా ఉండొచ్చు, అందుకే ల్యాబులో కూడా శాంపిల్ తీయడమే సగం యుద్ధం. మీరు చేయగలిగింది: కాయలు కొని, తొడిమలు తీస్తూ నాలుగు విరిచి లోపల చూసి, బూజుపట్టినవీ తాలు కాయలూ ఏరేసి, మీ కళ్ల ముందు మిల్లు పట్టించుకోవడం. వీలుకాకపోతే చిన్న ప్యాకెట్లు కొనండి, చెమ్మ తగలనివ్వకండి.

బజ్జీల బండి దగ్గర నూనె నల్లగా, చిక్కగా, నురగ ఆగకుండా ఉంటే పక్క బండికి వెళ్లండి. టోటల్ పోలార్ కాంపౌండ్లు (నూనె పదేపదే కాగితే పుట్టే పదార్థాలు) 25 శాతం దాటిన నూనె వాడకూడదని 2018 జులై నుంచి రూలు. దాన్ని కొలిచే సాధనం మీ దగ్గరుండదు గానీ ముక్కు ఉంది.

9. నిజంగా తేడా ఉందనిపిస్తే

ప్యాకెట్ ఫొటో, బ్యాచ్ నంబరు, బిల్లు, వీలైతే అదే బ్యాచ్‌ది విప్పని ప్యాకెట్ ఇంకోటి దగ్గర పెట్టుకోండి. ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లోనో 1800112100కి ఫోన్ చేసో ఫిర్యాదు నమోదు చేయించండి. జిల్లాలో అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ కార్యాలయానికి రాతపూర్వకంగా ఇచ్చి రసీదు అడగండి. డబ్బు వాపసు గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915.

చాలామందికి తెలియని హక్కు ఒకటుంది. చట్టంలో 40వ సెక్షన్ కింద మామూలు కొనుగోలుదారు కూడా ఫీజు కట్టి ఫుడ్ ఎనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. షరతు: కొనేటప్పుడే “దీన్ని పరీక్షకి పంపుతాను” అని అమ్మేవాడికి చెప్పాలి. సరుకు ప్రమాణానికి లేదని తేలితే ఫీజు వాపసు వస్తుంది. ప్రైవేటు ల్యాబుకి పంపితే ఆ పరీక్షకే ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉందా అడగండి. ల్యాబుకి ఉంటే చాలదు.

రిపోర్టు రాకముందే షాపు పేరుతో వీడియో పెట్టకండి. తప్పని తేలితే కేసు మీ మీదకే వస్తుంది.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఇథిలీన్, ఇథిలీన్ ఆక్సైడ్ ఒకటే అనుకోవడం. నున్న మార్కెట్ నుంచి వచ్చే మామిడిని ముగ్గించడానికి 100 పీపీఎం దాకా ఇథిలీన్ వాయువు వాడొచ్చు, కాయ తనంతట తానూ వదిలేది అదే. నిషేధించింది కాల్షియం కార్బైడ్‌ను. ఇథిలీన్ ఆక్సైడ్ మూడో సంగతి.

“కనుగొనబడలేదు” అన్న రిపోర్టుని “లేదు” అని చదవడం. ఆ యంత్రం ఎంత తక్కువదాకా పట్టగలదో పక్కనే రాసి ఉంటుంది. అంతకన్నా తక్కువుంటే అది చెప్పలేదు. పైగా రిపోర్టు ల్యాబుకి చేరిన ఆ శాంపిల్‌కే, మొత్తం లారీకి కాదు. మా ల్యాబుకి ఏరిన కాయలే శాంపిల్‌గా పంపేవాళ్లుండేవారు. రిపోర్టు అద్దంలా వచ్చేది, సరుకు మాత్రం పోర్టులో నిలిచిపోయేది.

“విదేశాల్లో నిషేధం” అనగానే తీర్పు చెప్పేయడం. ఏ దేశం, ఏ తిండిలో, నిషేధమా లేక ఒక బ్యాచ్ వెనక్కా?

ఒక భయంతో ఇంకో తప్పు చేయడం. పాలు కల్తీ అని పిల్లాడికి పాలు మాన్పించి కూల్‌డ్రింకు ఇచ్చినవాళ్లున్నారు.

సరిగ్గా చేశారో లేదో చూసుకోవడం

నోటుపుస్తకంలో ఒక్కో వార్తకి చివర రెండు వాక్యాలు రాయండి: చట్టం సంగతి ఒకటి, ఒంటి సంగతి ఒకటి. రెండోది మొదటిదాన్నే తిరగరాసినట్టుంటే మళ్లీ 2వ మెట్టుకి వెళ్లండి.

పోషకాహారం వైపు ఇంకో తనిఖీ ఉంది, వంటింట్లోనే. నలుగురున్న ఇల్లైతే రోజుకు 5 గ్రాముల లెక్కన కిలో ఉప్పు ప్యాకెట్ 50 రోజులు రావాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్‌ఐఎన్) 2024 మార్గదర్శకాల్లోని పళ్లెం లెక్క ప్రకారం నూనె మనిషికి రోజుకు 27 గ్రాములు, అంటే నలుగురికి నెలకు మూడున్నర లీటర్లు. బయటి తిండిలో ఉప్పు, నూనె ఇందులో కలపలేదు. ప్యాకెట్ విప్పిన రోజు దాని మీదే పెన్నుతో తేదీ రాయండి. పచ్చళ్లు పెట్టే నెల మాత్రం వదిలేయండి, ఆ ఉప్పు జాడీ లెక్కలోకి పోతుంది.